ఇంటిపేరు రాసే కలం ఎవరి చేతిలో ఉంది? డచ్ వాళ్ళ పేర్లు, మన పేర్లు



పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి. చివర్లో అందరికీ ఒక పని కూడా చెప్తున్నాం.

ఇంటర్‌లో సైన్స్ తీసుకున్నవాళ్ళకు హైగెన్స్ సూత్రం గుర్తుండే ఉంటుంది. వాండర్ వాల్స్ బలాలు కూడా. నెప్ట్యూన్ గ్రహం అవతల ఉన్న కైపర్ బెల్ట్ గురించి కొందరు వినే ఉంటారు. ఈ మూడూ మనుషుల ఇంటిపేర్లే. ముగ్గురూ నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్ళు, డచ్ వాళ్ళు. హైగెన్స్ అంటే ‘హైగ్ కొడుకు’ అని అర్థం. కైపర్ అంటే చెక్క పీపాలు చేసేవాడు. వాండర్ అని మనం కలిపి పలికేది నిజానికి ‘వాన్ డెర్’, అంటే ‘ఫలానా చోటి నుంచి వచ్చిన’ అని చెప్పే ముక్క.

పరీక్షలో ఈ పేర్లను ఒక్క అక్షరం పోకుండా రాస్తాం. మన ఇంటిపేరు మాత్రం టెన్త్ మెమోలో ఒక రకంగా, క్యాస్ట్ సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంటే ‘పోనీలే’ అనుకుంటాం. ఆ ‘పోనీలే’ గురించే ఈ పోస్టు. మా అభిప్రాయం ముందే చెప్తాం. ఇంటిపేరు మన పెద్దలు ఇచ్చిందే అయినా దాన్ని కాగితం మీద ఖాయం చేసేది ఆఫీసు. ఆ కాగితం రాసేరోజు మనం పక్కన లేకపోతే ఎవరికో వినబడ్డదే మన పేరైపోతుంది. డచ్ వాళ్ళ ఇంటిపేర్ల కథ చదివితే ఇది బాగా తెలుస్తుంది.

ఒకప్పుడు వాళ్ళకూ స్థిరమైన ఇంటిపేర్లు లేవు

నాలుగైదు వందల ఏళ్ళ కిందట అక్కడి మామూలు జనం చాలామందికి ఇప్పుడు మనం అనుకునే ఇంటిపేరు లేదు. యాన్ కొడుకు పీటర్ అయితే ‘పీటర్ యాన్‌జోన్’. జోన్ అంటే కొడుకు. ఆ పీటర్‌కి కొడుకు పుడితే వాడి వెనక ‘పీటర్‌జోన్’ వస్తుంది. అంటే ప్రతి తరానికీ వెనక పేరు మారిపోతుంది. కూతురైతే ‘డొక్టర్’ అని చేర్చేవాళ్ళు, అంటే కూతురు. గొప్ప చిత్రకారుడు రెంబ్రాంట్ పూర్తి పేరు రెంబ్రాంట్ హార్మెన్‌జోన్ వాన్ రైన్. హార్మెన్ కొడుకు, రైన్ నది దగ్గరివాడు అని. తండ్రి హార్మెన్ లైడెన్ ఊళ్ళో రైన్ పాయ దగ్గర పిండిమర నడిపేవాడు. తండ్రి ఎవరో, ఇల్లు ఎక్కడో ఆ పేరులోనే ఉంది.

మన గూడెంలో, తండాలో కొత్త మనిషి వస్తే ఏమడుగుతారు? ‘ఎవరి కొడుకువి? ఏ ఊరు?’ అనే కదా. ఆ రెండు ప్రశ్నలకు జవాబే చాలావరకు డచ్ ఇంటిపేరు. ఇంకో రెండు ప్రశ్నలు కలుపుకోవచ్చు: ‘ఏం పని చేస్తావు? ఎలా ఉంటావు?’

పని పేర్లు చూడండి. బాకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. విస్సర్ అంటే చేపలు పట్టేవాడు. స్మిట్ అంటే కమ్మరి. ముల్డర్ అంటే మర ఆడించేవాడు. డె బూర్ అంటే రైతు. మనిషి ఉన్న తీరును బట్టి వచ్చినవీ ఉన్నాయి: డె గ్రోట్ పెద్దవాడు, డె విట్ తెల్లవాడు, డె లాంగ పొడుగోడు. ఇక ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఇంటిపేరు డె యోంగ్. 2007 లెక్కలో 80 వేల మందికి పైగా ఉన్నారు. దాని అర్థం ‘చిన్నవాడు’. ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో ఒకే పేరున్న ఇద్దరుంటే మనం పెద్ద ముత్తయ్య, చిన్న ముత్తయ్య అంటాం. ఆ చిన్న ముత్తయ్యే అక్కడ డె యోంగ్.

చోటు పేర్లు ఇంకా బాగుంటాయి. వాన్ డైక్ అంటే కట్ట దగ్గరివాడు. దేశంలో చాలా భాగం సముద్ర మట్టం కన్నా కిందికి ఉంటుంది, నీళ్ళు ఆపే కట్టలే వాళ్ళ ప్రాణం. అందుకే కట్ట పేరున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాన్ డెన్ బెర్గ్ అంటే కొండ దగ్గరివాడు. కొండలే పెద్దగా లేని దేశంలో ఏ చిన్న మిట్ట దగ్గరున్నా ఈ పేరు వచ్చేది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతానికి వేరే భాష ఉంది, ఫ్రిసియన్. అక్కడి పేర్లు ‘స్ట్రా’, ‘మా’ అని ముగుస్తాయి. డైక్‌స్ట్రా అంటే కూడా కట్ట దగ్గరివాడే, కానీ వాళ్ళ భాషలో. పేరు తోక వింటేనే ఏ ప్రాంతం, ఏ భాష అని పట్టేయొచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డె వ్రీస్ అనే ఇంటిపేరు అక్కడ మొదటి మూడు నాలుగు పేర్లలో ఒకటి. అర్థం ‘ఫ్రీస్‌లాండ్ వాడు’. ఫ్రీస్‌లాండ్‌లో అందరూ ఫ్రీస్‌లాండ్ వాళ్ళే కాబట్టి అక్కడ ఉన్నంతకాలం ఎవరినీ అలా పిలవాల్సిన పని లేదు. ఊరు వదిలి బయటికి వెళ్ళినప్పుడు పక్కవాళ్ళు పెట్టే పేరు అది. మనం గూడెంలో ఉన్నంతకాలం మనల్ని ‘ఏజెన్సీ వాళ్ళు’ అని ఎవరూ అనరు. కాలేజీకి వచ్చాకే ఆ మాట వింటాం.

తూర్పు వైపు పల్లెల్లో ఇంకో పద్ధతి ఉండేది. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఎవరు ఆ పొలానికి వచ్చి ఉంటే వాళ్ళకు ఆ పొలం పేరే వచ్చేది. ఇల్లరికం వచ్చిన అల్లుడు కూడా తన పేరు వదిలేసి పొలం పేరు పెట్టుకునేవాడు.

ఒక పేరు, పది రాతలు

డచ్ పేర్లలో రాత తేడాలు లెక్కలేనన్ని. యాన్సెన్‌ని ఒక ఎస్‌తో రాసేవాళ్ళు వేరు, రెండు ఎస్‌లతో రాసేవాళ్ళు వేరు. యాన్స, యాన్సెన్స్ కూడా ఉన్నాయి. అన్నిటి అర్థం ఒకటే, యాన్ సంతతి. కైపర్‌ని కె అక్షరంతో రాస్తారు, సి అక్షరంతో రాస్తారు, మధ్యలో వై పెడతారు, ఐ జె పెడతారు, చివర ఎస్ తగిలిస్తారు. కమ్మరి పేరు స్మిట్, స్మిడ్, స్మిట్స్, స్మేట్స్, డె స్మెట్ అని ఎన్ని రకాలో.

కారణం పెద్ద రహస్యమేం కాదు. చర్చిలో బాప్తిస్మం పుస్తకం రాసే మనిషికి ఎలా వినబడితే అలా రాశాడు. ఈ ఊరి యాస ఒకటి, ఆ ఊరి యాస ఒకటి. ఒకే రాత ఉండాలనే నియమం అప్పట్లో లేదు. తర్వాత ప్రభుత్వ రిజిస్టర్లు వచ్చాక, ఆ రోజు ఏ రాత ఉందో అదే గట్టిపడిపోయింది. డచ్ మాట్లాడే బెల్జియం వాళ్ళకు ఆ రిజిస్టర్లు కొంచెం ముందే వచ్చాయి, అందుకే వాళ్ళ పేర్లలో పాత రాతలు ఎక్కువగా మిగిలాయి. భాష మారింది, స్పెల్లింగ్ నియమాలు మారాయి, ఇంటిపేర్లు మాత్రం ఆ గుమాస్తా రాసిన దగ్గరే ఆగిపోయాయి.

చివరికి అక్షర క్రమం కూడా ఒకటి కాదు. నెదర్లాండ్స్‌లో వాన్ డైక్ పేరు జాబితాలో డి దగ్గర వెతకాలి, ‘వాన్’ లెక్కలోకి రాదు. బెల్జియంలో అదే పేరు వి దగ్గర ఉంటుంది. అమెరికా వెళ్ళినవాళ్ళ పేర్లు ఇంకా మారాయి. డె బిల్ట్ అనే ఊరి నుంచి వచ్చినవాళ్ళు ‘వాన్ డెర్ బిల్ట్’లు. అక్కడ ముక్కలన్నీ కలిసిపోయి వాండర్‌బిల్ట్ అయింది. ధనవంతుల ఇంటిపేరుగా ప్రపంచమంతా తెలిసింది. రాత మారినంత మాత్రాన వాళ్ళనెవరూ చిన్నచూపు చూడలేదు. మన ఇంటిపేరు రాత మారితేనే ‘వీళ్ళకు పేరు రాసుకోవడం కూడా రాదు’ అంటారు. పేరులో తప్పేం లేదు, చూసే కళ్ళలోనే ఉంది.

1811లో వచ్చిన ఉత్తర్వు

1810లో ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ నెదర్లాండ్స్‌ని తన రాజ్యంలో కలిపేసుకున్నాడు. 1811 ఆగస్టు 18న ఉత్తర్వు వచ్చింది: స్థిరమైన ఇంటిపేరు లేనివాళ్ళంతా ఒకటి ఎంచుకుని ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. రాజుకు జనం పేర్ల మీద ప్రేమేం లేదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో, సైన్యంలోకి ఎవర్ని లాక్కుపోవాలో తెలియాలంటే జాబితా కావాలి. చాలామందికి అప్పటికే ఇంటిపేర్లు ఉన్నాయి. ఫ్రీస్‌లాండ్ లాంటి ఉత్తర ప్రాంతాల్లో లేనివాళ్ళు ఎక్కువ. నెపోలియన్ పోయాక కూడా పని పూర్తి కాలేదు. 1825లో అక్కడి రాజు మళ్ళీ ఇలాంటి ఉత్తర్వే ఇవ్వాల్సి వచ్చింది.

దీని మీద అక్కడ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఫ్రెంచివాళ్ళు ఎలాగూ నాలుగు రోజుల్లో పోతారని జనం ఎగతాళిగా నవ్వొచ్చే పేర్లు రాయించారట, అవి అలాగే ఉండిపోయాయట. దానికి సాక్ష్యంగా ‘నాక్ట్‌గెబోరెన్’ అనే ఇంటిపేరు చూపిస్తారు. ఇప్పటి డచ్‌లో దాని అర్థం ‘బట్టల్లేకుండా పుట్టినవాడు’. కానీ ఇంటిపేర్ల మీద పని చేసిన పండితులు ఈ కథను ఒప్పుకోరు. ఆ పేరు నెపోలియన్ కంటే ముందే ఉంది. తండ్రి చనిపోయిన తర్వాత పుట్టిన బిడ్డ అనే అర్థం ఉన్న పాత మాట నోళ్ళలో అరిగి అలా మారింది.

తండ్రి ముఖం చూడని బిడ్డ పేరది. జనం దాన్ని జోక్ చేశారు. క్లాసులో అటెండెన్స్ తీసుకునేటప్పుడు మన ఇంటిపేరు విని వెనక బెంచీలో ఎవరో నవ్విన అనుభవం ఈ గ్రూపులో చాలామందికి ఉంది. తెలుగులో ఆ శబ్దానికి వేరే అర్థం వస్తుందని నవ్వుతారు. మన పేరు తెలుగు మాట కాదు, దానికి మన భాషలో మన అర్థం ఉంది. అర్థం తెలియనివాడు నవ్వడం ఒక ఎత్తు. మనకే తెలియక మనం కూడా వాడితో కలిసి నవ్వడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే మాకు ఎక్కువ బాధ.

పేరు తిరగేసి ఇచ్చారు

డచ్ ఇంటిపేర్ల కథలో మనం తప్పకుండా తెలుసుకోవాల్సిన చీకటి భాగం ఒకటుంది. దక్షిణ అమెరికాలో సురినామ్ అనే దేశం అప్పట్లో డచ్ వాళ్ళ వలస. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులను అక్కడి తోటల్లో బానిసలుగా పనిచేయించారు. బానిసకు చట్టప్రకారం ఇంటిపేరు ఉండకూడదు. ఒకవేళ యజమాని ఎవరినైనా విడుదల చేస్తే వాళ్ళ పేరు వెనక ‘వాన్’ అని పెట్టి యజమాని పేరు తగిలించేవాళ్ళు. ఇతరులకు ‘ఫలానా ఊరి నుంచి’ అని అర్థమిచ్చే ‘వాన్’ వీళ్ళకు వచ్చేసరికి ‘ఫలానా వాడి సొత్తు’ అయింది.

1863 జూలై 1న అక్కడ బానిసత్వం రద్దయింది. 30 వేల మందికి పైగా మనుషులకు ఒక్కసారిగా ఇంటిపేర్లు రాయాల్సి వచ్చింది. కానీ తెల్లవాళ్ళకు ఉన్న ఇంటిపేర్లు వీళ్ళకు ఇవ్వకూడదు. అందుకని కొన్ని పేర్లను తిరగేశారు. డె వ్రీస్‌ని తిప్పితే వ్రీస్‌డె. ఆమ్‌స్టర్‌డామ్ అక్షరాలను వెనక నుంచి చదివితే మాడ్రెట్స్‌మా. కొందరికి గుణాలు పేర్లుగా వచ్చాయి. బ్రాఫ్‌హైడ్ అంటే చెప్పినమాట వినే బుద్ధి. స్వేచ్ఛ ఇచ్చిన రోజున కూడా ‘బుద్ధిగా ఉండు’ అని పేరులో రాసి పంపారన్నమాట. ఆ స్వేచ్ఛ అయినా పూర్తిగా రాలేదు, ఇంకో పదేళ్ళు ప్రభుత్వ అజమాయిషీలో పనిచేయాలని షరతు పెట్టారు.

ఈ కథ మన తీరానికి కూడా తగులుతుంది. 1600ల మొదట్లోనే డచ్ కంపెనీ మచిలీపట్నంలో వ్యాపారం పెట్టింది. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు కోరమాండల్ తీరం నుంచి, అంటే తెలుగు, తమిళ రేవులున్న ఈ తూర్పు తీరం నుంచి, బట్టలతో పాటు మనుషులను కూడా బానిసలుగా ఓడల్లో తీసుకుపోయారు. దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ కాలనీ కాగితాల్లో అలాంటివాళ్ళ పేర్లు ‘వాన్ కోరమాండల్’, ‘వాన్ బెంగాలెన్’, ‘వాన్ మలబార్’ అని ఉంటాయి. వాళ్ళకు అమ్మానాన్న పెట్టిన పేరు ఉండే ఉంటుంది, ఇంటిపేరు ఉండే ఉంటుంది. కాగితం మీద మిగిలింది తీరం పేరొక్కటే.

అయినా ఆ పేర్లతోనే వాళ్ళ పిల్లలు తలెత్తుకున్నారు. 1995 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచిన సురినామ్ అమ్మాయి లెటిషియా వ్రీస్‌డె. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో డచ్ జట్టుకు ఆడిన ఎడ్సన్ ఇంటిపేరు బ్రాఫ్‌హైడ్. ఇంకొందరు ఆ పేరు మాకొద్దు, మార్చుకుంటాం అంటున్నారు. పేరు మార్పుకు అక్కడ 835 యూరోలు ఖర్చయ్యేది. 2022లో ఉట్రెక్ట్ నగరం బానిసల వారసుల కోసం ఆ ఖర్చు తానే భరిస్తానంది. అదే ఏడాది డిసెంబర్ 19న డచ్ ప్రధాని బానిసత్వానికి క్షమాపణ చెప్పాడు. పేరు పెట్టుకోవాలా మార్చుకోవాలా అన్నది వాళ్ళిష్టం. ఆ ఇష్టం వాళ్ళ చేతికి రావడానికి 150 ఏళ్ళకు పైనే పట్టింది.

ఇప్పుడు మన సంగతి

సురినామ్ వాళ్ళు పోగొట్టుకున్నది మన దగ్గర ఇంకా ఉంది. గోండుల్లో ఇంటిపేరు చెప్తే నాలుగు దేవుళ్ళ సగనా, ఐదా, ఆరా, ఏడా అని పెద్దలు వెంటనే చెప్పేస్తారు. కోయల్లో గట్టు ఉంది. లంబాడీల్లో గోత్రం, పాడా ఉన్నాయి. ఎవరు అన్నదమ్ములు, ఎవరికి పిల్లనివ్వచ్చు అన్నది ఇంటిపేరే చెప్తుంది. కేస్లాపూర్ నాగోబా జాతర మెస్రం వంశం వాళ్ళది. ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడళ్ళను నాగోబా ముందు భేటింగ్ చేయిస్తారు. డచ్ వాళ్ళకు ఇంటిపేరు ఎక్కువగా గుర్తుపట్టడానికే. మనకు అది చుట్టరికం, దేవుడు, పెళ్ళి అన్నీ. అందుకే మన పేరులో ఒక అక్షరం మారితే పోయేది స్పెల్లింగ్ ఒక్కటే కాదు.

కానీ కాగితాల మీద ఏం జరుగుతోంది? జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం ఇంటిపేరే చూడండి. కొమరం, కొమురం, కుమ్రం, కుమురం అని నాలుగు రకాలుగా రాస్తున్నారు. జిల్లాకు పేరు పెట్టుకున్న వీరుడికే ఇలా ఉంటే మన సంగతేంటి? బానోత్, బానోతు, బాణోత్ ఒకే తండాలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి. ఇంగ్లీషులో చివర హెచ్ ఉందా లేదా అన్నది ఇంకో గొడవ. మా హాస్టల్లో ఒక తమ్ముడికి, వాళ్ళ నాన్నకు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వచ్చింది. ‘ఇతను మీ నాన్నేనని రుజువు తెండి’ అన్నారు. మూడుసార్లు తిరిగాడు. ఆ నెలలన్నీ స్కాలర్‌షిప్ ఆగింది.

డచ్ వాళ్ళకు 1811 ఎలాంటిదో మనకు ఒకటో తరగతి అడ్మిషన్ రోజు అలాంటిది. ఆ రోజు అమ్మానాన్న నోటితో చెప్పారు, సారు తనకు వినబడింది రాసుకున్నారు. సారు మన భాష మనిషి కాదు. రాసింది సరిగ్గా ఉందా అని చదివి చూడటానికి అమ్మానాన్నలకు చదువు రాదు. అక్కడ పడ్డ అక్షరమే టెన్త్ మెమోకి, అక్కడి నుంచి డిగ్రీకి వచ్చింది. అమ్మానాన్నల తప్పు ఇందులో లేదు. కానీ ఇప్పుడు ఇంట్లో చదవగలిగేవాళ్ళం మనం ఉన్నాం. మొదటి తరం చదువుకున్నవాళ్ళుగా మన మీదున్న బాధ్యత ఇదే.

కొందరు మిత్రులు వేరేలా అంటారు. ‘ఇంటిపేరు చెప్తే మనమెవరో తెలిసిపోతుంది. రూమ్ అద్దెకు ఇవ్వరు. ఒక అక్షరం ఇనీషియల్ పెట్టుకుంటే చాలు.’ వాళ్ళను మేం తప్పుపట్టం, సిటీలో ఆ బాధ నిజమే. ఫోన్‌లో, ఫేస్‌బుక్‌లో ఏం పెట్టుకుంటారో వాళ్ళిష్టం. కానీ కాగితాల్లో పూర్తి పేరు ఉండనివ్వండి. ఒకసారి ఇనీషియల్‌గా మారితే మన పిల్లలు ఆ అక్షరం వెనక ఏముందని అడిగేరోజు వస్తుంది. అప్పటికి చెప్పే పెద్దలు ఉండరు.

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. నెదర్లాండ్స్‌లో పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరే చట్టప్రకారం వాళ్ళ పేరు. భర్త పేరు వాడుకోవాలంటే వాడుకోవచ్చు, రికార్డు మాత్రం మారదు. 2024 నుంచి పిల్లలకు తల్లి పేరు, తండ్రి పేరు రెండూ కలిపి పెట్టుకోవచ్చు. మన దగ్గర కూడా పెళ్ళయితే ఇంటిపేరు మార్చి తీరాలనే చట్టం లేదు. పెళ్ళయిన నెలలోనే ఆధార్‌లో పేరు మార్చేసి, తర్వాత సర్టిఫికెట్లతో కలవక ఉద్యోగం అప్లికేషన్ దగ్గర ఏడవడం కంటే ముందే ఆలోచించుకోవడం మంచిది.

ఇక పని ఏమిటంటే:

ఒకటి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతనో, అవ్వనో, పటేల్‌నో, నాయక్‌నో కూర్చోబెట్టి మన ఇంటిపేరు మన భాషలో ఎలా పలుకుతారో విని రాయండి. ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి. ఏ సగ, ఏ గట్టు, ఏ గోత్రం, ఎవరితో అన్నదమ్ముల వరస, అన్నీ రాయండి. అర్థం చెప్తే రాయండి. తెలియదంటే తెలియదని రాయండి, మనం కల్పించొద్దు.

రెండు. మీ మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంక్ పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇంట్లో అందరూ కలిసి ఒక రాత ఖాయం చేసుకుని డిగ్రీ అయ్యేలోపే సరిచేయించండి.

మూడు. మీ గూడెంలో, తండాలో ఈ జూన్‌లో బడిలో చేరే పిల్లలతో మీరు వెళ్ళండి. సారు రిజిస్టర్ రాసేటప్పుడు పక్కన నిలబడి పేరు ఒక్కో అక్షరం చెప్పండి. రాశాక ఒకసారి చదివి చూడండి.

పెద్దల దగ్గర విన్నది ఈ గ్రూపులో పెట్టండి. ఊరు, ఇంటిపేరు, దాని రాతలు అన్నీ ఒకచోట చేర్చే పని మా హాస్టల్ వాళ్ళం తీసుకుంటాం.

జోహార్.